ముళ్ళవ్వ గుమ్మం

కొండకు కార్చిచ్చు అంటుకున్న రోజున ఒక తల్లి కుందేలు తన ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని కిందనున్న మడుగు దాకా పరుగెత్తుకొచ్చింది. ఎక్కడ తలదాచుకోవాలో దానికి పాలుపోలేదు. మడుగు గట్టున ఒక ముసలి ఏదుపంది ఉండేది. దాన్ని అందరూ ముళ్ళవ్వ అని పిలుచుకునేవారు. ఆ అవ్వ వీళ్ళను చూసి, ఒక్క మాటైనా అడగకుండా తన బొరియలోకి తీసుకుపోయింది. వాళ్ళ ఒంటిమీద కాలిన చోట తడి ఆకులు వేసి, దాచుకున్న దుంపలు పిల్లలకు పెట్టింది.

కాసేపటికే వాసన పట్టుకుంటూ తోడేలు వచ్చింది.

"ముళ్ళవ్వా, అవి మా కొండ కుందేళ్ళు. మీ మడుగుకూ వాటికీ సంబంధం లేదు. బయటికి పంపెయ్, వెనక్కి తీసుకుపోతాను."

లోపల కుందేలు పిల్లలను దగ్గరికి లాక్కుంది. ముక్కూ మొహం తెలియని తమ కోసం ఈ ముసలిది తోడేలుతో ఎందుకు తగువు పెట్టుకుంటుంది?

ముళ్ళవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడి ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంది.

"వీళ్ళు ఏ కొండవాళ్ళో నేనడగలేదు. నా గడప తొక్కినవాళ్ళను మళ్ళీ మంటల్లోకి పంపను. నీ నోటికైతే అసలే అందించను."

తోడేలు మీదికి దూకింది. మూతినిండా ముళ్ళు దిగేసరికి కుయ్యోమంటూ పొదల్లోకి పారిపోయింది. ముళ్ళవ్వ భుజం నుంచి కూడా నెత్తురు కారుతోంది.

"అవ్వా, కూర్చో. గాయం కడుగుతాను" అంది కుందేలు కళ్ళనీళ్ళతో.

"తర్వాత కడుగుదువులే తల్లీ. కొండ ఇంకా తగలబడుతూనే ఉంది. వెనక ఎంతమంది వస్తున్నారో" అంటూ అవ్వ బొరియ పక్కన ఇంకో బొరియ తవ్వసాగింది.

కుందేలు పిల్లలను లోపల పడుకోబెట్టి వచ్చి, అవ్వ పక్కనే తనూ తవ్వడం మొదలుపెట్టింది.