ఊడిన వైరు

హీటర్ మళ్ళీ వెలగలేదు.

లోపల ఫ్యాన్ తిరుగుతోంది. టక్ టక్ మని నిప్పురవ్వ కొడుతోంది. మంట మాత్రం రావడం లేదు.

కృష్ణప్రసాద్ టార్చి పట్టుకుని బయటికొచ్చి కారవాన్ పక్కన ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జనవరి గాలి చెవులు కోసేస్తోంది.

దోహా బయట అల్ వుకైర్ దాటాక ఎడారిలో రోడ్డు వేస్తున్న కంపెనీకి అతను సైట్ ఇంజనీరు. తొంభై ఆరులో కొత్తగా ఫ్యామిలీ వీసా వచ్చింది. ఐన్ ఖాలిద్‌లో ఇస్తామన్న ఇల్లు తయారవలేదు. అందాకా క్యాంపులో ఉన్న పాత కారవాన్‌లో ఉండమన్నారు. ఏ అమెరికా కంపెనీయో వదిలేసి పోయిన చక్రాల ఇల్లు అది.

"ఏమైందండీ?" లోపల్నుంచి భానుమతి అడిగింది. పాప తన్మయి దగ్గు ఆగడం లేదు.

"చూస్తున్నా."

గ్యాస్ సిలిండర్ నిండుగానే ఉంది. పొగ గొట్టంలో ఇసుక చేరిందేమోనని పుల్లతో కెలికాడు. ఏమీ లేదు. బయటి రేకు మూత తీశాడు.

గ్యాస్ వదిలే వాల్వు వైరు ఊడిపోయి ఉంది.

నిన్న రాత్రీ ఇంతే. చీకట్లో కుదరక, పొద్దున వెలుగులో తనే బిగించాడు. మళ్ళీ ఎలా ఊడింది?

వచ్చిన మొదటి రాత్రి హీటర్ బాగానే వెలిగింది. కాకపోతే పొద్దున ముగ్గురికీ ఒంట్లో బాగోలేదు. భానుమతికి వాంతి అయింది. ప్రయాణం పడలేదనుకున్నారు.

ఆ పొద్దునే వచ్చాడు రాజేశం. క్యాంపు వాచ్‌మన్. జగిత్యాల దగ్గరి మనిషి, యాభై దాటి ఉంటాయి.

"తల్కాయ నొస్తున్నదా అమ్మా?" అని అడిగాడు భానుమతిని.

"కొంచెం. ఎందుకు?"

అతను పాప మొహంలోకి అదే పనిగా చూశాడు. సాయంత్రం తన కంబళి తెచ్చి మెట్ల మీద పెట్టాడు.

"పాపకు కప్పుండ్రి. ఆ మిషిను ఎందుకమ్మా? దోహాకు పోరాదుండ్రి సార్, ఎవరన్న తెలిసినోళ్ళ ఇంటికి."

భానుమతికి అతని వాలకం నచ్చలేదు. "ఎప్పుడు చూసినా ఇక్కడిక్కడే తిరుగుతుంటాడు. నాకు భయంగా ఉందండీ."

కృష్ణప్రసాద్ క్యాంప్ బాస్ కామేశ్వరరావుని కదిపాడు.

"వాడంతేనండీ. మీరు రాకముందు కూడా పొద్దుపోయేదాకా ఆ మెట్ల మీదే కూర్చునేవాడు. మీరు దిగడం వాడికి కిట్టలేదేమో."

వైరు రెండోసారి ఊడిన మర్నాడు కృష్ణప్రసాద్ సైట్ నుంచి పెందరాళే వచ్చేశాడు. పొద్దు వాలుతోంది. కారవాన్ వెనక్కి వెళ్ళాడు.

రేకు మూత తీసి ఉంది. రాజేశం చెయ్యి లోపల ఉంది.

"ఏం చేస్తున్నావ్?"

రాజేశం చెయ్యి బయటికి తీసుకుని నిలబడ్డాడు. పారిపోలేదు.

"రోజూ నువ్వేనా ఊడదీసేది?"

"నేనే సార్."

"చంటిపిల్ల చలికి వణికిపోతోంది. నీకేం చేశాం మేం?"

"దీన్ని ముట్టియ్యకుండ్రి సార్."

"ఎందుకు?"

రాజేశం క్యాంప్ ఆఫీసు వైపు ఒకసారి చూశాడు.

"అడిగేది నిన్నే. ఎందుకు?"

"మీ కాళ్ళు మొక్కుత. ముట్టియ్యకుండ్రి."

ఇంక కృష్ణప్రసాద్‌కి ఓపిక లేకపోయింది. నేరుగా ఆఫీసుకి వెళ్ళాడు. వాడుంటే మేం ఉండం అన్నాడు.

దోహా వర్క్‌షాప్ నుంచి మెకానిక్ హమీదుద్దీన్ రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కృష్ణప్రసాద్ హీటర్ జోలికి పోలేదు. ఊడదీసిన చెయ్యి ఇంకేం పాడుచేసిందోనని అనుమానం.

హమీదుద్దీన్ది హైదరాబాదు. వైరు బిగించి వెలిగించాడు. మంట నీలంగా, నిలకడగా వచ్చింది.

"మంచిగనే ఉంది సాబ్."

భానుమతి పాపని తెచ్చి వెచ్చటి గాలి వచ్చే చోట కూర్చోబెట్టింది. ఆమె మొహంలో నవ్వు కనిపించి చాలా రోజులైంది.

అంతలో లోపలి ఫ్యాన్ వేగం అందుకుంది. మంట ఒక్కసారిగా పక్కకి వంగి పసుపురంగుకి తిరిగింది.

హమీదుద్దీన్ చటుక్కున గ్యాస్ కట్టేశాడు.

"అమ్మా, పాపను తీస్కొని బయటికి రాండి. జల్దీ."

"ఏమైంది?" కృష్ణప్రసాద్ ముందుకొచ్చాడు.

అతను హీటర్ విప్పి, టార్చి వేసి చూపించాడు. మంట మండే ఇనుప పెట్టె అడుగున నిలువుగా పగులు.

"పొగ గొట్టంల నుంచి బయటికి పోవాలె సాబ్. పగిలిందంటే ఇంట్లకే వస్తది. వాసన ఉండదు. నిద్రల ఉన్నోళ్ళు నిద్రలనే పోతరు."

భానుమతి పాపని గుండెకి హత్తుకుని ఇసుకలోనే కూలబడింది.

"ఇన్ని రోజులు ఎట్ల బతికిండ్రు మీరు?" హమీదుద్దీన్ అడిగాడు.

కృష్ణప్రసాద్ అప్పటికే ఆఫీసు వైపు పరుగెత్తుతున్నాడు.

"రాజేశం ఎక్కడ?"

కామేశ్వరరావు తలెత్తాడు. "మీరు చెప్పారుగా. వీసా క్యాన్సిల్ చేయించాం. పొద్దున బొంబాయి ఫ్లైట్ ఎక్కించేశారు."

"వెనక్కి పిలిపించండి. తప్పు నాది."

"ఇక కుదరదండీ."

కృష్ణప్రసాద్ కుర్చీలో కూర్చోలేక, నిలబడలేక రొప్పుతూ హీటర్ సంగతి చెప్పాడు. వింటూ ఉంటే కామేశ్వరరావు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"అది చంపుతుందని అతనికెలా తెలుసు?"

కామేశ్వరరావు లేచి ఆఫీసు తలుపు మూశాడు.

"పోయిన చలికాలం ఆ కారవాన్‌లో పడుకున్న కుర్రాడొకడు తెల్లారి లేవలేదండీ. గుండె ఆగిందన్నారు పైవాళ్ళు. ఆ మాట బయట ఎక్కడా ఎత్తొద్దు, ఎత్తితే ఇంటికి పంపిస్తాం అని రాజేశానికి చెప్పింది నేనే."

"అతనికే ఎందుకు?"

"ఆ కుర్రాడు, తిరుమల్... రాజేశం కొడుకండీ."