ఆరో సాంచా మీది మనిషి

"ఈ మనిషిని ఎక్కడన్న చూసినవా?"

జీపులోంచి దిగినవాడు ఫోను తెచ్చి స్వర్ణలత మొహం ముందు పెట్టాడు.

కూరగాయల సంచి ఆమె చేతిలోంచి జారబోయింది. తెర మీద నవ్వుతున్నది అంజి.

"ఎవలు మీరు?"

"పోలీసోళ్లమే అనుకో. వీడు మనిషిని చంపి పారిపోయిండు. కోరుట్లల రైసుమిల్లుల పనిజేసిండు. జగిత్యాలల దొరికినట్టే దొరికి తప్పించుకున్నడు. వీన్ని దాసిపెట్టినోళ్లు సుత జైలుకు పోతరు."



రాజయ్య మరమగ్గాల కార్ఖానాలో అంజి ఆరో సాంచా, అంటే ఆరో మగ్గం, నడుపుతాడు. ఆమె అక్కడే నూలు కండెలు చుడుతుంది. ఎనిమిది నెలలైనా అతని ఊరేదో ఎవరికీ తెలియదు. నుదుటి నుంచి చెవిదాకా కత్తిగాటు. బయట హారన్ మోగితే చాలు, గోడ పక్కకు జరుగుతాడు.

కానీ ఆమె చున్నీ మోటారు బెల్టులో చిక్కుకున్నరోజు ఉత్త చేత్తో ఆ బెల్టును గుంజిపడేసింది అతనే. అరచేయి తోలు లేచిపోయినా అబ్బా అనలేదు.

మొన్న మానేరు ఒడ్డున అడిగాడు. "నేనెవలో తెల్వకుంటనే నాతోని వస్తవా?"

"వస్త" అంది అప్పుడు.

ఇప్పుడు ఫోనులోని ఆ మొహాన్నే మళ్లీ చూసింది. మనిషిని చంపినవాడా? ఇంట్లో అమ్మ ఉంది, చెల్లె ఉంది. జైలంటే?

"రాజయ్య కార్ఖానా" అంది చివరికి. "గా సందు చివరకు. ఆరో సాంచా."

జీపు కదిలింది.

అప్పుడు పుట్టింది అసలు భయం. సంచి పారేసి అడ్డదారిన ఉరికింది.

"అంజీ! ఉరుకు! జీపోళ్లు!"

సాంచాల మోతలో మాట వినపడిందో లేదో, ఆమె మొహం చూసి అర్థం చేసుకున్నాడు. నలుగురు లోపలికి దూసుకొచ్చేసరికి ఇనుప రాడ్డు అందుకున్నాడు. ముందువాడి కర్ర విరిగి ఎగిరిపడింది. రెండోవాడిని ఒక్క తాపు తన్ని, సాంచా ఎక్కి, రేకు తోసుకుని కప్పు మీదికి పోయాడు.

నూలు చుట్టిన బీముల మధ్య నిలబడిపోయిన స్వర్ణలత జుట్టు ఎవడో పట్టుకున్నాడు. మెడ మీద చల్లగా కత్తి ఆనింది.

వీళ్లు పోలీసులు కారు.

"దిగు! లేకుంటె ఈ పిల్ల ఉండదు."

రాజయ్య గబగబా మెయిన్ స్విచ్చి ఆపేశాడు. కార్ఖానా అంతా చప్పుడు లేకుండా అయిపోయింది.

పక్క సందులోకి ఒక్క దూకు దూకితే అంజి దొరికేవాడు కాదు.

"పిల్లను ఇడువుండ్రి. వస్తున్న."

దిగి వచ్చాడు. చేతులు వెనక్కి విరిచి కట్టారు.

"నేనే చెప్పిన" అంది ఆమె ఏడుస్తూ.

"తెలుసు. భయపడ్డవ్" అన్నాడు. "నేను సుత రెండేండ్ల సంది భయపడుతనే ఉన్న."

జీపు వెళ్లిపోయింది. రాజయ్య స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇచ్చాడు కానీ, అంజి ఎవరు, ఎక్కడివాడు అంటే చెప్పలేకపోయాడు.

ఆ తర్వాత స్వర్ణలత పనికి పోలేదు. హారన్ వినపడితే తలుపు గడియ పెట్టుకునేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు.

చాలాసేపటికి తీసింది. చెప్పుల్లేని కాళ్లతో ఒక ముసలామె. వెనకాల గల్లీ పొడుగునా ఎండలో కూర్చున్న నలభైమంది ఆడా మగా.

"స్వర్ణలతవు నువ్వేనా బిడ్డా? అంజి అని నువ్వు పిలిసినోని తల్లిని."

"ఎట్లున్నడవ్వా?"

"గోదారి బ్రిడ్జి మీద జీపులకెల్లి దుంకిండట. మూడోనాడు పీనుగై ఒడ్డుకు దొరికిండు."

స్వర్ణలత గడపలోనే కూలబడింది.

"నేనే చూపెట్టిన అవ్వా. మనిషిని చంపిండంటె నమ్మిన."

ముసలామె పక్కన కూర్చుని ఆమె తల నిమిరింది.

"వాడు చీమను సుత చంపలే. ప్రాణహిత అవతల మా గుట్టలున్నయి. గనుల కోసం వాటిని తవ్వెటోళ్లకు వాని సంతకం కావాలె. పెట్టకపోతే పానం తీస్తమన్నరు. అందుకే ఊరిడిసిండు. ఆఖరికి సుత పెట్టలే బిడ్డా."

"అంతమంది ఉండంగ అంజి సంతకమే ఎందుకవ్వా?"

ముసలామె గల్లీ వైపు చేయి ఊపింది.

నలభైమందీ లేచి వచ్చారు. ఒక్కొక్కరే వంగి స్వర్ణలత గడపకు దండం పెట్టారు.

"వాడు మా ఏడు గుట్టలకు రాజు బిడ్డా, పట్టుకపోయే ముందురోజే ఫోన్ జేసి నీ పేరు చెప్పి 'మీకు రాణి దొరికింది' అన్నడు, నిన్ను చూసిపోదామని వచ్చినం."