సన్యాసి చెప్పిన చోటు

వైర్‌లెస్ సెట్టు బటను నొక్కి పట్టుకుని గోవిందరావు అలాగే నిలబడిపోయాడు.

"చెప్పండి గోవిందరావు గారూ. భయమెందుకు? ఉత్తుత్తి ప్రమాదమే కదా!" అన్నాడు శిక్షణ ఇవ్వడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన శ్యాంసుందర్.

2004 నాటి మాట. బారువ తుఫాను షెల్టరు నిండా జాలర్లే. తెప్పలో వైర్‌లెస్ సెట్టు పెట్టుకోవాలంటే ఇకమీదట లైసెన్సు ఉండాలట. లైసెన్సు కావాలంటే ఈ శిక్షణ గట్టెక్కాలట. పరీక్ష మాత్రం తేలికే. సెట్టు నోటి దగ్గర పెట్టుకుని మూడుసార్లు 'మేడే' అనాలి, అంటే ఆపదలో ఉన్నాం, కాపాడండి అని. తర్వాత తన పేరు, తెప్ప పేరు, ఉన్న చోటు, వచ్చిన ఆపద చెప్పాలి. అంతే.

ఆ 'అంతే' దగ్గరే గోవిందరావు ఆగిపోయాడు.

శ్యాంసుందర్ అతని చేతిలోంచి సెట్టు తీసుకుని అందరివైపూ తిరిగాడు. "కంగారులో పేరు మరిచిపోయినా పర్వాలేదు. చోటు మాత్రం తప్పు చెప్పకండి. మీ సంగతి నాకు తెలుసు. చేప పడే చోటు కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పరు!"

అందరూ గొల్లున నవ్వారు. ఉన్న మాటే మరి. ఒడ్డు మీద ఎంత నిజాయితీపరుడైనా నీళ్ళ మీదికి వెళ్ళి సెట్టు పట్టుకున్నాడంటే నోట నిజం రాదు. ఎక్కడున్నావురా అని అడిగితే ఉత్తరాన ఉన్నవాడు దక్షిణం చెబుతాడు. తప్పని ఎవరూ అనుకోరు. మనం కనిపెట్టిన చోటికి ఊరంతా వచ్చి గాలాలు వేస్తే మన నోట్లో మట్టే కదా!

"అవును సారూ! సన్యాసి సెప్పిన సోటు!" అన్నాడు వెనకనుంచి ఒకడు. నవ్వు ఇంకా పెద్దదైంది. గోవిందరావు తల వాల్చేశాడు.

సన్యాసి అతని చెల్లెలు తవిటమ్మ మొగుడు. ఒకరినొకరు బావా అనుకుంటూ ఒక్క కంచంలో తిన్నవాళ్ళు. రెండేళ్ళ కిందట ఆషాఢంలో, ఇద్దరూ చెరో తెప్ప మీద ఒంటరిగా గాలాల వేటకు వెళ్ళారు. అప్పటికి ఊళ్ళో సెట్లున్నది ఆ ఇద్దరికే. మధ్యాహ్నానికి గాలి తిరగబడింది. సెట్టులో కేక పడింది.

"బావా, ఇంజను ఆగిపోనాది! నువ్వలరేవు ఎదర ఉన్నాను. బేగి రా!"

పొద్దుగూకే వేళకు గోవిందరావు ఒక్కడే గాలికి కొట్టుకొచ్చి ఒడ్డుకు చేరాడు. ఇసకలో కూలబడి, అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాడు. "నువ్వలరేవు ఎదర అనే కేక. అక్కడంతా ఎతికినాను. బావ లేడు."

తర్వాత సన్యాసి తెప్ప ముక్కలు ఉత్తరాన ఇచ్ఛాపురం కూడా దాటి, ఒడిశా ఒడ్డున దొరికాయి. ఊరు తీర్పు చెప్పేసింది. సన్యాసి ఉత్తరాన ఉండి దక్షిణాన ఉన్న నువ్వలరేవు చెప్పాడు, చేప మీద ఆశతో ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు అని. కాదనడానికి సన్యాసి లేడు. గోవిందరావు అవుననలేదు, కాదనలేదు.

అది మొదలు ఊళ్ళో పచ్చి అబద్ధానికి 'సన్యాసి చెప్పిన చోటు' అని పేరు పడిపోయింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని తవిటమ్మ పలాస దాకా వెళ్ళినా, సంతలో ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు. మొగుడు పోయిన ఏడుపు ఒక ఎత్తు, వాడి పేరు నవ్వులపాలు కావడం ఒక ఎత్తు. చెల్లెలు అలా కుమిలిపోతుంటే గోవిందరావుకి తిన్న కూడు ఒంటబట్టేది కాదు. నోరు విప్పితే బావ పేరు నిలుస్తుంది. కానీ విప్పిన మరుక్షణం చెల్లెలు తన గుమ్మం తొక్కదు. రెండేళ్ళుగా ఈ భయమే అతని నోరు కట్టేసింది.

ఇవాళ శిక్షణకు వంట తవిటమ్మదే. అన్నం గిన్నెతో గుమ్మంలోకి వచ్చి ఆ నవ్వంతా వింది. గిన్నె దించి లోపలికి నడిచింది.

"నవ్వండి బాబూ. మా ఆయన అబద్ధం ఆడినాడు, పాణం పోగొట్టుకున్నాడు. కాదని నానంటానేటి? కానీ మా అన్న ముందర నవ్వకండి. ఆ అబద్ధాన్ని నమ్మి, అంత గాలిలో తెప్ప తిప్పినోడు."

గోవిందరావు ఆమె వైపు ఒక అడుగు వేశాడు. "ఊరుకోవే తవిటీ..."

"ఎలాగ ఊరుకుంతాను అన్నా? నువ్వూ ములిగిపోనుంటే నాకెవులు దిక్కు? మీ బావ నిన్ను సావుదాకా తీసికెల్లినాడు. ఈ మాట ఎప్పుడో అడగాల్సింది. ఆడి తరఫున నాను దండం పెడతన్నాను. ఆడిని మన్నించీ అన్నా."

అందరూ చూస్తుండగానే వంగి అన్న కాళ్ళు పట్టుకుంది.

శ్యాంసుందర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూశారా? పిలిస్తే వెళ్ళడమంటే ఇదీ!" అని చప్పట్లు మొదలుపెట్టాడు. షెల్టరంతా చప్పట్లతో మోగింది.

చెప్పేద్దామని గోవిందరావు నోరు తెరిచాడు. చెల్లెలి కన్నీళ్ళు పాదాల మీద వెచ్చగా పడ్డాయి. మళ్ళీ మూసేశాడు.

ఆ రోజు ఇంజను ఆగిపోయి సెట్టులో కేక వేసింది గోవిందరావు, ఆ కేక విని నువ్వలరేవు వైపు తెప్ప తిప్పింది సన్యాసి.