సత్రం ఇల్లాలి గొంతు

ఆటల సీడీలకు కంపెనీలు వేసే కాపీ తాళాలు ఊడగొట్టి, దొంగ కాపీలు అమ్ముకునే దుకాణదారుడి భార్య ఒక కంప్యూటర్ ఆటలో సత్రం ఇల్లాలికి గొంతు ఇచ్చింది. "నా ఆట జోలికి మాత్రం రాకండి మహానుభావా," అని నవ్వుతూ మాట తీసుకుంది. ఆయన కొనే ఆడాడు.

ఆమె పోయింది. కొన్నాళ్లకు కంపెనీ సర్వర్ ఆపేసింది. దాని అనుమతి లేనిదే ఆట తెరుచుకోదు. మాట తప్పాలి, లేదా గొంతు వదులుకోవాలి. ఎటు లెక్క వేసినా నష్టమే. ఆ రాత్రి తాళం తీశాడు.

తెర మీద సత్రం దీపం వెలిగింది. "రండి బాటసారీ," అందామె. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె ఇటు తిరిగింది. "దొంగతనంగా వచ్చారా?" ఆయన నవ్వాడు. దొంగ కాపీని పసిగడితే పాత్ర తిట్టి వెళ్లిపోతుంది, ఆట ఆగిపోతుంది. కంపెనీలు పెట్టే ఇలాంటి ఉచ్చులు ఎన్ని చూడలేదు! కానీ ఆమె గొంతు తగ్గించి, "రాత్రి మాత్ర వేసుకున్నారా?" అని కూడా అడిగింది. దీపం తీసుకుని బయటికి నడిచింది. ఆట ఆగిపోయింది.

ఆటలో రికార్డు చేసి ఉన్న శబ్దాలన్నీ వెతికాడు. మొదటి ప్రశ్న దొరికింది. రెండోది ఎక్కడా లేదు.

ఉచ్చును చెరిపేస్తే ఆమె సత్రంలోనే ఉండిపోతుంది. కానీ ఇక ఏమీ అడగదేమోనని ఆయనకు చెయ్యాడలేదు. మళ్లీ ఆట తెరిచాడు. ఆమె మళ్లీ అడిగింది, మళ్లీ దీపం అందుకుంది. ఆ కంప్యూటర్‌కు మైకు లేదు.

"ఇంకా వేసుకోలేదే," అన్నాడాయన.

ఈసారి ఆట ఆగలేదు; తలుపు దాకా వెళ్లిన అడుగుల చప్పుడు ఆగింది.