నీలిపిట్ట పందెం

“నువ్వు వ్యాన్‌లోనే ఉండక్కా. నీ మోకాళ్లతో ఈ కొండెక్కలేవు,” అన్నాడు తమ్ముడు, మెడలో బైనాక్యులర్స్ సర్దుకుంటూ.

“మోకాళ్లతో చూస్తార్రా పిట్టల్ని?” అంది అక్క. అప్పటికే వ్యాన్ దిగి, లోయ అడుగున బండల మీద కర్ర ఆనించి నిలబడింది.

వెనకున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. తమ్ముడికి చిర్రెత్తుకొచ్చింది. మరి పక్షుల సంఘానికి అధ్యక్షుడాయె. ఆకులు రాలే రోజుల్లో వలసపోతూ నీలిపిట్ట ఈ లోయలో కాసేపు ఆగుతుంది. అది చూపిస్తానని అందర్నీ ఇంత దూరం లాక్కొచ్చాడు.

“మోకాళ్లొక్కటేనా? నోరూ ఆగదు నీకు. దారి పొడుగునా వాగుడే, ఉన్న పిట్టలు కూడా పారిపోతాయి. కృష్ణా రామా అనుకునే వయసులో కొండలెందుకు? వచ్చే ఏడు నిన్ను తీసుకురాను.”

అక్క మొహంలో నవ్వు పోయింది. ఏడాదంతా ఆమె ఎదురుచూసేది ఈ ఒక్క ప్రయాణం కోసమే.

“అయితే పందెం. నీలిపిట్ట ముందు నీకు కనబడితే, నా బైనాక్యులర్స్ నీకిచ్చేసి ఇంట్లో కూర్చుంటా. నాకు కనబడితే, చచ్చేదాకా వస్తా. ఆపడానికి నువ్వెవడివి?”

“వ్యాన్ దగ్గర కూర్చునే చూస్తావా? సరే, కానీ.”

గుంపు కొండెక్కింది. రాళ్లు జారాయి, కాళ్లు జారాయి, పిట్ట జాడ మాత్రం లేదు. పైకి చేరేసరికి అందరి నాలుకలూ పిడచకట్టుకుపోయాయి.

“ఇక్కడ కాకి కూడా లేదు కదండీ,” అని గొణిగాడు ఒకాయన.

సరిగ్గా అప్పుడే, ఎర్రబడ్డ చెట్ల మధ్య, లోయ అడుగు నుంచి సన్నటి కూత లేచింది. ఆగింది. మళ్లీ లేచింది.

తమ్ముడు చెయ్యెత్తాడు. “నీలిపిట్టే. మగది. గుంపు తప్పిపోయి తోటివాటిని పిలుస్తోంది. ఈ విషయంలో నా చెవి పొరపాటు పడదు.”

ఇంకేముంది, పడుతూ లేస్తూ ఎక్కిందంతా దిగారు. మోచేతులు ముళ్లకు గీసుకుపోయినా తమ్ముడు లెక్కచెయ్యలేదు. అక్క బైనాక్యులర్స్ తన ఇంట్లో ఏ గోడకు తగిలించాలో కూడా దారిలోనే ఖాయం చేసుకున్నాడు.

వ్యాన్‌కు కాస్త అవతల, వాగు మలుపులో ఓ చెట్టు కింది పొద. కూత దాని వెనక నుంచే. ఊపిరి బిగబట్టి కొమ్మ పక్కకు తప్పించాడు.

బండ మీద అక్క. కాళ్లు బారజాపుకుని, రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి, హాయిగా కూస్తోంది.

“ఇంతసేపూ కూసింది నువ్వా?” తమ్ముడి గొంతు లేచింది. “ఇది మోసం. పిట్ట కనబడితేనే పందెం గెలిచినట్టు.”

అక్క కదల్లేదు. గడ్డంతో పైకి చూపించి, గుసగుసగా అంది.

“నోరు ముయ్యరా. నీకంటే ముందు మోసపోయి వచ్చింది, నీ నెత్తి మీది కొమ్మపైనే కూర్చుంది.”