ఆవాల కొలత

"చేతులు వణికే మనిషికి ల్యాబులో ఏం పని?" అన్నారు ప్రిన్సిపాల్ రాఘవయ్య గారు. అటెండరు సవరయ్య హాజరు పట్టీలో పెట్టిన సంతకం పాములా మెలికలు తిరిగింది. అది తాగుడు వణుకేనని ఆయన నమ్మకం. నెలాఖరుకి మానిపించేస్తానన్నారు.

లెక్చరర్ హైమవతికి ప్రాణం ఉసూరుమంది. చుక్క ముట్టని మనిషి సవరయ్య. ఇరవయ్యేళ్ళు పాదరసంతో పనిచేస్తే ఎవరికైనా చేతులు వణుకుతాయని, పుస్తకం తెరిచి మరీ చూపించింది.

"మరి పాదరసం లేకుండా మీ పెంకులెలా కొలుస్తారమ్మా?"

రెడ్డిగూడెం తోటల్లో మామిడి అంట్ల పక్కన నీళ్ళు నింపి పాతే కుండల పెంకులవి. ఎంత గుల్లగా ఉంటే వేళ్ళకి అంత చెమ్మ. ఆ గుల్లతనం తేలాలంటే ముందు పెంకు ఘనపరిమాణం తెలియాలి. నీళ్ళలో ముంచి కొలుద్దామంటే పెంకు నీళ్ళు తాగేస్తుంది. పాదరసమైతే తాగదు.

"ఆవాలతో కొలుస్తానండీ."

ఆవాలతో ఆవకాయ పెట్టడం విన్నాను గానీ సైన్సు వినలేదని ఆయన నవ్వారు. అయినా ఒక మెట్టు దిగారు. పదిహేను రోజులుగా ఆమె పక్కగదిలో క్లాసు చెబుతుంటే సవరయ్యే పెంకుల్ని పాదరసంలో ముంచి కొలతలు రాసిస్తున్నాడు. ఆవాల కొలత వాటితో సరిపోతే ఆ చేతులు ఇంకా పనికొస్తాయన్నట్టే, అతను ఉంటాడు. లేదంటే ఇంటికే.

హైమవతి గ్లాసు నిండా ఆవాలు పోసి, అంచుకి సమంగా గీసి, పళ్ళెంలోకి వొంపింది. ఖాళీ గ్లాసులో పెంకు పెట్టి మళ్ళీ పోసింది. పట్టక మిగిలిన ఆవాలే పెంకు కొలత. అలా పది పెంకులు. పదీ సరిపోయాయి.

రాఘవయ్య గారు కళ్ళజోడు తుడుచుకుని, ఉండమనండి అనేసి వెళ్ళిపోయారు.

హైమవతికి కళ్ళు చెమర్చాయి. "చూశావా సవరయ్యా, పాదరసం లెక్కా ఆవాల లెక్కా ఒకటే."

"ఒకటే అవుతాయండీ. అవీ ఆవాలతో కొలిచినవే." సవరయ్య తల వంచుకున్నాడు. "మొదటి రోజే మీరు క్లాసులో ఆవాల సంగతి చెబుతుంటే విన్నాను. ఆ రోజునించీ పాదరసం సీసా మూత తియ్యలేదు."

 చేతుల కోసమే అయితే తనకో మాట చెప్పకూడదా అంది హైమవతి.

"నా చేతులు ఎప్పుడో పోయాయమ్మా. ఆ గాలి మీకు తగలకూడదని. మా ఇంటిది మంత్రసాని కదండీ, కేరియరు తెచ్చినప్పుడు మిమ్మల్ని చూసింది. మీకింకా తెలీలేదేమో గానీ, మీరు ఒట్టిమనిషి కాదంట."