మానిన కాలికి కట్టు

“కాలు చాపండి మేస్త్రిగారూ,” అంది నర్సు.

మేస్త్రి స్టూలు మీదికి కాలు చాపాడు. ఆమె పాత కట్టు విప్పింది. గోడ పని చేస్తుంటే రాయి జారి చీరుకుపోయిన పిక్క అది. ఇప్పుడక్కడ నున్నటి మచ్చ తప్ప ఏమీ లేదు. అయినా దూది తడిపి నెమ్మదిగా తుడిచింది.

“ఇంకా పచ్చిగానే ఉందామ్మా?”

“కాస్త.”

“అదే అనుకున్నా. రాత్రంతా ఒకటే సలుపు.”

మచ్చకు సలుపేమిటని ఆమె అడగలేదు. మొదటి రోజు, కాగితంలో ‘ఇంట్లో చూసుకునేవారు’ అన్న గడి దగ్గర ఆగి అడిగితే, “నా పని నేనే చేసుకుంటానమ్మా,” అన్నాడు. ఆమె ‘ఎవరూ లేరు’ అని రాసేసింది. ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే పుండు మానిన రోజు కూడా రిజిస్టరులో ‘రేపు రావాలి’ అనే రాసింది. అలా ఇరవై రోజులు.

“డ్యూటీ ఎన్నింటికి దిగుతావమ్మా?”

“రెండింటికి.”

“ఇంటికెళ్లేసరికి మూడవుతుందేమో.”

“ఎన్నయితేనేం? తాళం నా దగ్గరేగా ఉండేది.”

మేస్త్రి కిటికీలోంచి బయటికి చూశాడు. “ఆ ప్రహరీ కట్టినవాడెవడోగానీ, నిలబడి నిద్రపోయే గోడ కట్టాడు,” అన్నాడు. ఆమె తలెత్తలేదు.

పెద్ద సిస్టర్ రిజిస్టరు పట్టుకుని లోపలికి వచ్చింది.

“ఇది కాలా, కందకమా? నెలన్నర నుంచీ పూడ్చలేకపోతున్నావు!” వంగి చూసింది. గొంతు తగ్గించింది. “చూడమ్మా, మానిన కాలికి కట్టు కట్టడం నర్సు పని కాదు. నువ్విలా రాస్తూ పోతే రేపు నిజంగా పుండున్నవాడి రాతనీ ఎవరూ నమ్మరు. ఇవాళే ముగించెయ్.”

రిజిస్టరు బల్ల మీద పెట్టి ఆమె వెళ్లిపోయింది. నర్సు కలం తీసి ‘మానింది’ అని రాసింది. ఆ మూడక్షరాలకి చాలాసేపు పట్టింది.

“రేపట్నుంచి రానక్కర్లేదు మేస్త్రిగారూ.”

మేస్త్రి పంచె కిందికి దించుకున్నాడు.

“ఒక్కరే కూర్చోకండి. నలుగురిలో తిరుగుతూ ఉండండి,” అంది.

“మరి నువ్వు?”

“నాకేం? రోగులున్నారుగా.”

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “బీపీ ఎక్కడ చూస్తారమ్మా?”

“ఇక్కడే. మంగళవారాలు.”

“చూసేదెవరు?”

“నేనే.”

“అయితే నా పేరు రాసుకో. నాకు బీపీ ఉన్నట్టుంది.”

“ఉన్నట్టు మీకెలా తెలుసు?”

“మీ పెద్ద సిస్టర్ని చూసినప్పట్నుంచీ గుండె దడదడలాడుతోంది.”

నర్సు గబుక్కున రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుంది. దించేసరికి ఆయన మెట్లు దిగిపోయాడు. కిటికీ దగ్గర నిలబడి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఖాళీ ఇంటికి వెళ్లే మనిషి అంత చురుగ్గా ఎలా నడుస్తున్నాడా అనుకుంది. మంగళవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

మేస్త్రి ఇల్లు చేరి తలుపు తట్టాడు.

తీస్తూనే ఆయన భార్య అడిగింది: “ఇవాళన్నా నవ్విందా, ఆ పిల్ల?”